పోస్టర్ వార్త అవుతోంది, సినిమా కావడం లేదు

గౌరవనీయులైన సంపాదకులకు, నమస్కారాలు.

మీ పత్రిక జిల్లా పేజీలను చివరి నుంచి మొదటికి చదివే అలవాటున్న పాఠకురాలిని నేను. బడిలో తెలుగు చెప్పే రోజుల్లో పిల్లల ఫలితాల కోసం మొదలైన ఆ అలవాటు ఉద్యోగ విరమణ తర్వాత కూడా పోలేదు. రెండు మూడేళ్లుగా ఆ పేజీల్లో ఒకే మూసలో పోసిన వార్త ఒకటి తరచుగా కనిపిస్తోంది. ‘షార్ట్ ఫిల్మ్ పోస్టర్ ఆవిష్కరణ’ అని శీర్షిక ఉంటుంది. ఫొటోలో పది పన్నెండు మంది వరుసగా నిలబడి ఒక ఫ్లెక్సీ అంచులు పట్టుకుని ఉంటారు. కింద ప్రజాప్రతినిధి పేరు, పార్టీ మండల అధ్యక్షుల పేర్లు, యువజన సంఘాల వారి పేర్లు, చివర ‘తదితరులు పాల్గొన్నారు’ అన్న మాట. ఆ తర్వాత ఆ చిత్రం పూర్తయిందా, ఎవరైనా చూశారా, చూసినవారికి ఎలా అనిపించింది అన్న ముక్క మాత్రం ఆ పేజీలో మళ్లీ ఎన్నడూ కనిపించదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పోస్టర్‌కు దక్కుతున్న చోటు సినిమాకు దక్కడం లేదన్నదే ఈ లేఖలో నా ఫిర్యాదు. ఇందులో పత్రికలు చేయగలిగిన పని కొంత ఉంది కాబట్టే మీకు రాస్తున్నాను.

నాకు ఈ సంగతి పట్టించుకోవలసిన అవసరం ఒక పూర్వ విద్యార్థి వల్ల కలిగింది. గట్టుప్పల్ వైపు ఒక చేనేత గ్రామం వాడిది. పద్యం అప్పజెప్పమంటే నీళ్లు నమిలేవాడు గానీ, ఆ పద్యంలోని కథను తన మాటల్లో చెప్పమంటే తరగతి మొత్తాన్ని కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు పెళ్లిళ్ల వీడియోలు తీస్తున్నాడు. గత ఏడాది ముహూర్తాల కాలమంతా తిరిగి కూడబెట్టిన నలభై ఆరు వేల రూపాయలతో పద్దెనిమిది నిమిషాల చిత్రం తీశాడు. కెమెరా సొంతం, లెన్సులు అద్దె, నటులు స్నేహితులు. డబ్బింగుకు హైదరాబాద్ పోయిన రెండు రోజుల ఖర్చే అన్నిటికన్నా ఎక్కువయిందని చెప్పాడు. కథ చిన్నది. తండ్రి భివండీలో మరమగ్గం మీద పనిచేస్తూ రాత్రిపూట ఫోన్‌లో మాటలు రికార్డు చేసి పంపుతుంటాడు. వాటిని ఇంట్లో మగ్గం పక్కన కూర్చుని, ఆసు పోస్తున్న, అంటే నేతకు దారం సిద్ధం చేస్తున్న, తల్లికి వినిపించడం కొడుకు పని. ఒక రాత్రి తండ్రి మాటలకు బదులు మరమగ్గాల చప్పుడు మాత్రమే వస్తుంది. అంతటితో సినిమా ఆగుతుంది. ఏమైందో చెప్పడు. చెప్పకపోవడమే నాకు నచ్చింది.

ఆ చిత్రం పోస్టర్ ఆవిష్కరణ వార్త ఒక పత్రికలో వచ్చింది. అందులో పదకొండు మంది పేర్లున్నాయి. దర్శకుడి పేరు లేదు, వాడు ‘తదితరుల’లో కలిసిపోయాడు. “ఫొటోల ఉన్న గద టీచర్, ఫ్లెక్సీ ఎనక” అని నవ్వాడు.

తర్వాత మొదటి ప్రదర్శనకు పిలిస్తే వెళ్లాను. ఒక ఫంక్షన్ హాలులో భోజనాల గదిని మధ్యాహ్నం మూడింటి నుంచి రెండు గంటలకు అద్దెకు తీసుకున్నాడు. అతిథులు నాలుగున్నరకు వచ్చారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, పూలగుత్తులు, ప్రసంగాలు అయ్యేసరికి హాలు సమయం దాటిపోయింది. పడమటి కిటికీలకు పరదాలు లేవు. ప్రొజెక్టర్ వెలుగు, ఎండ రెండూ ఒకే గుడ్డమీద పడి, రాత్రిపూట జరిగే సినిమా మొత్తం పాలలో ముంచినట్టు తెల్లగా కనిపించింది. పెళ్లిలో పాటలకు పెట్టే పెద్ద పెట్టెల్లో మరమగ్గాల చప్పుడు వర్షం పడ్డట్టు వినిపించింది. ఎనిమిదో నిమిషంలో ముఖ్య అతిథికి ఫోన్ వచ్చి లేచారు, ఆయన వెంట సగం హాలు లేచింది. ప్రసంగాల్లో ‘జిల్లా గర్వించదగ్గ యువ దర్శకుడు’ అన్న మాట కనీసం ఆరుసార్లు వినపడింది. ఆ ఆరుసార్లూ అన్నవారిలో ఒక్కరూ సినిమా చివరి దాకా లేరు.

ఇది ఆ హాలు తప్పనీ, ఆ అతిథుల తప్పనీ నేను అనడం లేదు. లఘుచిత్రాన్ని చూపించడమంటే ఏమిటో మనకు అలవాటు లేదు. పెళ్లి రిసెప్షన్ ఎలా చేయాలో తెలుసు కనుక దానినీ అలాగే చేస్తున్నాము.

సరిగ్గా మూడు వారాల తర్వాత అదే చిత్రాన్ని వాళ్ల ఊళ్లో, వాళ్ల వాకిట్లో, ఇంటి గోడకు కట్టిన తెల్ల దుప్పటి మీద రాత్రి ఎనిమిదింటికి వేశాడు. ఈసారి శాలువాలు లేవు. వాడకట్టు వాళ్లు ముప్పై నలభై మంది వచ్చి చాపలమీద, అరుగులమీద కూర్చున్నారు. ఆసు పోసే దృశ్యం తెరమీదికి రాగానే ముందు వరుసలో ఉన్న ఒక ముసలమ్మ గట్టిగా అంది: “చెయ్యి మోచేతి కాడ కాదు బిడ్డా, జబ్బ కాడ తిరగాలె. గిట్ల పోస్తే చీర కాదు, చేతిరుమాలు గూడ కాదు.” అందరూ నవ్వారు. ఆ నవ్వులో దర్శకుడూ ఉన్నాడు, కానీ సినిమా అయ్యాక ఆమె పక్కన కూర్చుని, తన చేతిని ఆమె చేతికి ఇచ్చి, ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ దింపాలో అరగంట నేర్చుకున్నాడు.

చేనేత తెలియని పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ప్రాంతాల చిటికి (ఇక్కత్) నేతలో రంగులద్దకానికి ముందు, ఒక కొసన ఒంటి మేకుకూ, ఎదుటి కొసన అర్ధచంద్రాకారంగా దిగ్గొట్టిన మేకులకూ మధ్య దారాన్ని అటూ ఇటూ తిప్పి పోయడమే ఆసు. ఒక చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అలా తిరగాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేకే ఆసు యంత్రం తయారు చేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. అంటే ఆ ముసలమ్మ తప్పు పట్టింది ఏదో చిన్న అభినయ దోషాన్ని కాదు. నొప్పి పుట్టే చోటు భుజమైతే, సినిమాలో కదిలింది మోచెయ్యి. కథకు ప్రాణమైన చోటే తప్పు జరిగింది. ఆ చిత్రం అప్పటికే యూట్యూబ్‌లో ఉంది. కింద నూటికి పైగా వ్యాఖ్యలు వచ్చాయి. ‘సూపర్ అన్నా’, ‘నెక్స్ట్ లెవల్’, మంటల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు. చెయ్యి తప్పు తిరిగిందని ఒక్కరూ రాయలేదు. నాకూ తట్టలేదని ఒప్పుకోవాలి.

అంతర్జాలం ఉండగా ప్రదర్శనలు ఎందుకని అడిగేవారికి నా జవాబు ఆ రాత్రే దొరికింది. యూట్యూబ్ గురించి నాకు చిన్నచూపు లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలాంటి చిన్న ఊరి నుంచి గంగవ్వ గారిని ప్రపంచంలోని తెలుగువారందరికీ చేరవేసింది అదే. కానీ ఆ వేదిక లెక్క వేరు. ఒక ఛానెల్‌కు ప్రకటనల ఆదాయం రావాలంటే వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి, లేదా తొంభై రోజుల్లో పొట్టి వీడియోలకు కోటి వీక్షణలు రావాలి. వారం వారం నవ్వించే వీడియో పెట్టేవారికి ఇది అందుతుంది. రెండేళ్లకొకసారి పద్దెనిమిది నిమిషాల మౌనమైన కథ తీసేవాడికి అందదు. దానితో ఏమవుతున్నదంటే, మన పిల్లలు మొదటి ఇరవై సెకన్లలోనే ఎవరో ఒకరు చెంపదెబ్బ తినేలాగా కథ మొదలుపెడుతున్నారు. చూసేవాడు వేలితో పైకి తోసేస్తాడన్న భయం. చీకటి గదిలో కూర్చున్న ప్రేక్షకుడికి అలా తోసెయ్యడానికి వీలుండదు. అతను ఆవలిస్తాడు, పక్కవాడితో మాట్లాడతాడు, ఒక్కోసారి నిశ్శబ్దమైపోతాడు. దర్శకుడు వెనక నిలబడి ఆ వీపులను చూసి నేర్చుకునేది లైకుల అంకెలో దొరకదు.

మరో మాయ కూడా ఉంది. నా విద్యార్థి పోస్టర్ మీద రెండవసారి చూసినప్పుడు పచ్చని ఆకుల దండలు ఏడు మొలిచాయి. ప్రతి దండలో ఏదో ఊరి పేరుతో ఒక ‘అంతర్జాతీయ చలనచిత్రోత్సవం’. ఆన్‌లైన్‌లో రుసుము కడితే, ఆన్‌లైన్‌లోనే ఎంపిక చేసి, ధ్రువపత్రాన్ని మెయిల్‌లో పంపే ఉత్సవాలట. “ఆ ఏడు చోట్ల నీ సినిమా ఎంతమంది చూశారు?” అని అడిగాను. వాడు సమాధానం చెప్పలేదు, నేను మళ్లీ అడగలేదు. ఆ రుసుముల డబ్బుతో ఊళ్లో ఒక మంచి ప్రొజెక్టర్‌ను ఎన్ని రాత్రులు అద్దెకు తేవచ్చో వాడే తర్వాత లెక్కవేసి చెప్పాడు.

నిజమైన ప్రదర్శన వేదికలు అసలే లేవనడం అన్యాయం. తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ హైదరాబాద్ రవీంద్రభారతిలో, పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌లో, ‘సినివారం’ పేరిట శనివారాల్లో కొత్త దర్శకుల చిత్రాలు చూపించే మంచి ఆనవాయితీ పెట్టింది. కరీంనగర్‌లో పుట్టి మూకీల కాలంలోనే బొంబాయి చేరి, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న నటుడి పేరు ఆ గదికి పెట్టడం కూడా బాగుంది. కానీ నల్లగొండ నుంచి ఆ గది వంద కిలోమీటర్లు. అలంపూర్ నుంచీ, అమ్రాబాద్ నుంచీ అంతకన్నా చాలా దూరం. దర్శకుడు ఎలాగో వెళ్తాడు. చిత్రంలో నటించిన ఆశా కార్యకర్త, మేకల కాపరి, ఇల్లు షూటింగ్‌కు ఇచ్చిన పెద్దమనిషి వెళ్లరు. ఎవరి బతుకు తెరమీద ఉందో వారు చూడని ప్రదర్శన సగం ప్రదర్శనే.

లఘుచిత్రాలకు రాజధాని నగరమే కావాలన్న నియమం ప్రపంచంలో ఎక్కడా లేదు. జర్మనీలో 1954లో మొదలై నేటికీ సాగుతున్న లఘుచిత్రోత్సవం ఓబర్‌హౌసెన్ అనే ఊళ్లో జరుగుతుంది. అది రూర్ బొగ్గు గనుల ప్రాంతంలోని పారిశ్రామిక పట్టణం. ఫ్రాన్స్‌లో పారిస్‌ను కాదని క్లెర్మాన్ ఫెరాన్ అనే టైర్ల ఫ్యాక్టరీ పట్టణంలో 1979లో విశ్వవిద్యాలయ విద్యార్థులు మొదలుపెట్టిన లఘుచిత్రాల వారం ఇప్పుడు ప్రపంచంలోనే పేరున్న ఉత్సవం. మన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమూ, పాలమూరు విశ్వవిద్యాలయమూ జిల్లా కేంద్రాల్లోనే ఉన్నాయి కదా అని నాకు అనిపించింది. కేరళ 1998లో చలనచిత్ర అకాడమీని ఏర్పాటు చేసుకుని, డాక్యుమెంటరీలకూ లఘుచిత్రాలకూ విడిగా అంతర్జాతీయ ఉత్సవం నడుపుతోంది. తమిళనాడులో ఆ పని ఒక టీవీ ఛానెల్ చేసింది. కలైంజర్ టీవీ ‘నాళయ ఇయక్కునర్’ అనే కార్యక్రమంలో కొత్తవారి లఘుచిత్రాలు వేసి, పేరున్న దర్శకుల చేత అక్కడికక్కడే మంచిచెడ్డలు చెప్పించింది. అక్కడ మాటలు పడ్డవారిలో నుంచే కార్తీక్ సుబ్బరాజ్, నలన్ కుమారసామి వచ్చారు. వారికి దొరికిన అసలు లాభం బహుమతి కాదని నా ఊహ. తెలిసినవాడు అందరిముందూ ‘ఈ షాట్ ఎందుకు పెట్టావు?’ అని అడగడం.

తెలుగులోనూ లఘుచిత్రాల నుంచి వచ్చినవారు తక్కువేమీ కాదు. తరుణ్ భాస్కర్ లఘుచిత్రాలు తీసి చెయ్యి తిప్పుకున్న తర్వాతే 2016లో ‘పెళ్ళిచూపులు’ తీశారు, దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. అయితే లఘుచిత్రాన్ని పెద్ద సినిమాకు మెట్టుగా మాత్రమే చూడడం నాకు సమ్మతం కాదు. కథానికను నవలకు అభ్యాసమని ఎవరూ అనరు. ఆస్కార్ నిబంధనల్లో నలభై నిమిషాల లోపుదంతా లఘుచిత్రమే. ఆ నలభై నిమిషాల్లో చెప్పదగ్గవి కొన్ని ఉంటాయి, అవి రెండున్నర గంటలకు సాగదీస్తే చస్తాయి. మా విద్యార్థి కథ అలాంటిదే.

ఇక పత్రికల సంగతి. తెలుగు కథ పెరిగింది పత్రికల పుటల్లోనే, ముఖ్యంగా ఆదివారం సంచికల్లో. అదే ఆదరణ లఘుచిత్రానికి ఎందుకు దక్కకూడదు? మన ప్రాంతంలో ఇందుకు పెద్ద దృష్టాంతమే ఉంది. తెలంగాణలో కవులు లేరన్న మాట వినవచ్చినప్పుడు, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి దానికి వ్యాసంతో జవాబు చెప్పి ఊరుకోలేదు. 1926లో తాను స్థాపించిన గోలకొండ పత్రిక నడుపుతూనే, జిల్లాల నుంచి కవుల వివరాలు, పద్యాలు సేకరించి, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. వారిలో అందరూ మహాకవులు కారు. ఆయనకూ ఆ సంగతి తెలుసనే నేననుకుంటాను. ఉన్నారని చూపించడం మొదటి పని, ఎవరెంతవారో కాలం తేలుస్తుంది. ఆ పని చేసినవాడు ఒక సంపాదకుడు. అందుకే ఈ ఉత్తరం ప్రభుత్వానికి కాక మీకు రాస్తున్నాను.

నేను కోరేది పెద్దదేమీ కాదు. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల పేజీల్లో పదిహేను రోజులకొకసారి పావు పేజీ చాలు. అందులో ఒక్క చిత్రం గురించి రాయండి. దర్శకుడి పేరు, ఊరు, నిడివి, ఎక్కడ చూడవచ్చో ముందు పెట్టి, తర్వాత చూసినవారు చూసినట్టు నాలుగు పేరాల సమీక్ష. సమీక్ష అంటే సన్మానపత్రం కాదు. ‘కథ బాగుంది, ఫొటోగ్రఫీ కనువిందుగా ఉంది, నటీనటులు తమ పాత్రల పరిధిలో నటించారు’ అన్న వాక్యాలు ఏ సినిమాకైనా అతుకుతాయి, కాబట్టి ఏ సినిమాకూ అతకవు. ఆ ముసలమ్మ చెప్పినట్టు చెప్పగలవారు కావాలి. ఊరి పురోహితుడు, పంచాయతీ కార్యదర్శి, బడిపంతులు, నాటకాలు ఆడిన రిటైర్డ్ ఉద్యోగి, ఎవరైనా సరే. సినిమా భాష తెలియకపోయినా ఆ బతుకు తెలిసినవారయితే చాలు. దర్శకుడి ఫొటో వేయండి, ఫ్లెక్సీ వెనక కాకుండా. ప్రకటన ఇస్తేనే వార్త అన్న షరతు మాత్రం ఈ శీర్షికకు వద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. నా విద్యార్థికి ఒకచోట ఆ జవాబు దొరికింది కనుకనే ఈ మాట అంటున్నాను.

నిజం చెప్పాలంటే వచ్చే చిత్రాలన్నీ బాగుండవు. ఈ లేఖ రాయాలనుకున్నాక మన జిల్లాల వారివి ఇరవైకి పైగా చూశాను. చాలావాటిలో ఆకాశం నుంచి డ్రోన్‌తో తీసిన ఊరి దృశ్యం లేకుండా కథ మొదలుకాదు. ఏ పెద్ద సినిమాలోనో వినిపించిన నేపథ్య సంగీతం ఎత్తుకొచ్చి పెట్టడం, తర్వాత హక్కుదారు అభ్యంతరం పెట్టగానే మాటలతో సహా మూగబోయిన సినిమాను అలాగే వదిలేయడం సామాన్యమైపోయింది. చివర నల్లతెరమీద నీతివాక్యం తప్పదు. కథ, మాటలు, కూర్పు, దర్శకత్వం ఒకే పేరు నాలుగుసార్లు పడుతుంది, కొన్నిట్లో ఆ పేరే నాయకుడిది కూడా. మన యాసను మన పిల్లలే నవ్వులాటకు వాడుకోవడం నాకు అన్నిటికన్నా కష్టం కలిగించింది. పెద్ద సినిమాల్లో దశాబ్దాలపాటు దొంగలకూ తాగుబోతులకూ అంటగట్టిన యాస అది. 1988లో వచ్చిన బి. నర్సింగరావు ‘దాసి’ ఆ కాలానికే ఈ నేల మాటనూ, కట్టునూ గౌరవంగా తెరకెక్కించింది. అందులో దుస్తుల రూపకల్పనకు జాతీయ పురస్కారం పొందిన సుదర్శన్ గారు మన మిర్యాలగూడ వారే. ఆ ఒరవడి మన పిల్లలకు ఎవరైనా చూపించారా? చూడనివారిని తప్పు పట్టి లాభం లేదు. మంచివి కూడా ఉన్నాయి. ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగిన ఒక నాయనమ్మ మిషన్ భగీరథ నల్లా తిప్పి, నీళ్లను బిందెలో పట్టకుండా కాసేపు ఊరికే చూస్తూ ఉండిపోయే దృశ్యం ఒకదానిలో ఉంది. మర్రిగూడ, మునుగోడు పక్క పుట్టనివాడు ఆ షాట్ అంతసేపు ఉంచడు. అమ్మాయిల దర్శకత్వంలో వచ్చినవి మాత్రం నాకు రెండే దొరికాయి.

ప్రదర్శనకు చోటు లేదన్నది నేను ఒప్పుకోను. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు పోతుంది. జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పిల్లలు చదువుకుని వెళ్లిపోయాక, నెలకు ఒక్క ఆదివారం సాయంత్రం రెండు గంటలు తెర కట్టడానికి పాలకవర్గం తీర్మానం ఒకటి చాలు. రాష్ట్రమంతటా 2,600 పైచిలుకు రైతు వేదికలు కట్టారు. 2024 నుంచి రైతులతో శాస్త్రవేత్తలు మాట్లాడే ‘రైతునేస్తం’ కోసం వాటిలో కొన్నింటికి వీడియో కాన్ఫరెన్స్ తెరలూ, ఇంటర్నెట్టూ అమర్చారు. శాస్త్రవేత్తల ముఖాముఖి అయ్యాక మిగతా సాయంత్రాలు ఆ తెరలు గోడను చూస్తూ ఉంటున్నాయి. 2023లో ‘బలగం’ వచ్చినప్పుడు ఊరూరా పంచాయతీల ముందు తెరలు కట్టి జనం చూసిన తీరు, కుర్చీలు చాలక నేలమీద కూర్చుని ఏడ్చిన తీరు మీ పత్రికే ఫొటోలతో వేసింది. పల్లెలో అందరూ కలిసి సినిమా చూడడం అంతరించిపోయిందన్నవారికి ఆ ఫొటోలు చూపిస్తే చాలు.

నిబంధనలు కూడా తెలుసుకుని చేయాలి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు ధ్రువపత్రం కావాలి, అది లఘుచిత్రానికీ వర్తిస్తుంది. చలనచిత్రోత్సవాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు పొందే వీలుంది. చిత్రీకరణలో ఎద్దునో మేకనో వాడుకుంటే జంతు సంక్షేమ మండలి అనుమతి చూడాలి. ఆ మండలి కార్యాలయం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. ఎద్దూ మేకా లేని పల్లెకథ తీయడం ఎలాగో వారే చెప్పాలి! ఒంటరి దర్శకుడికి ఇవన్నీ కొండలు. ఒక కళాశాలో, ఫిలిం సొసైటీయో, పత్రికో ముందు నిలబడి పది చిత్రాలకు కలిపి ఒక ఉత్సవంగా దరఖాస్తు చేస్తే పని సులువవుతుంది. మీ శీర్షికలో ఏడాదికి వచ్చే ఇరవై నాలుగు చిత్రాల నుంచి పదింటిని ఏరితే అలాంటి ఉత్సవానికి జాబితా దానంతటదే తయారవుతుంది. ముఖ్య అతిథులు మాట్లాడదలిస్తే సినిమాలన్నీ అయ్యాక మాట్లాడాలన్న ఒక్క నియమం పెడితే మేలు. అప్పటిదాకా కూర్చున్నవారు నిజంగా అతిథులే.

నేను చూసిన ఇరవై పైచిలుకు చిత్రాల పేర్లు, దర్శకుల ఊళ్లు, నిడివి, ప్రతిదాని మీద నాకు తోచిన రెండేసి వాక్యాలు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. శీర్షిక మొదలుపెట్టే ఆలోచన మీకు ఉంటే దానిని మీ నల్లగొండ కార్యాలయానికి తెచ్చి ఇవ్వగలను. పారితోషికం అక్కరలేదు, అచ్చుతప్పులు దిద్దే పనయితే మరీ సంతోషం.

నా విద్యార్థి ఆసు పోసే దృశ్యాన్ని మళ్లీ చిత్రీకరించాడు. ఈసారి ఆ ముసలమ్మ కోడలే చెయ్యి కలిపింది. కిందటి నెల అదే వాకిట్లో, అదే దుప్పటి మీద రెండోసారి వేశాడు. ముసలమ్మ ముందు వరుసలోనే కూర్చుంది. అయిపోయాక అందరూ ఆమె వైపే చూశారు. “చెయ్యి మంచిగనే తిరిగింది. మగ్గం నడిచేటప్పుడు ఆ పాటెందుకు పెట్టినవ్ బిడ్డా, చప్పుడు ఇననియ్యవా?” అంది. వాడు ఇప్పుడు ఆ పాట తీసేసే పనిలో ఉన్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
నల్లగొండ.